చైనా తనదంటున్న తవాంగ్‌కి కుటుంబంతో వెళ్ళొచ్చా? అక్కడి జనం ఎవరివైపు?

పిల్లల్నీ, అరవై దాటిన అమ్మానాన్నల్నీ తీసుకుని మీరు అరుణాచల్ ప్రదేశ్‌లోని తవాంగ్ వెళ్ళాలనుకుంటున్నారు. చైనా అది తనదంటోంది కాబట్టి ఎప్పుడేం జరుగుతుందోనని టెన్షన్‌గా ఉందన్నారు. అసలు అక్కడి జనం మనసులో ఎవరివైపు ఉంటారని కూడా అడిగారు.

వెళ్ళొచ్చు. నిశ్చింతగా వెళ్ళొచ్చు. అక్కడ జాగ్రత్త పడాల్సింది ఎత్తు గురించీ, కొండ రోడ్డు గురించీ. మీ రెండో ప్రశ్నకి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. అది అర్థమైతే తవాంగ్ మీకు వేరేగా కనిపిస్తుంది.

ఉద్యోగరీత్యా మేం కొన్నేళ్ళు అస్సాంలోని తేజ్‌పూర్‌లో ఉన్నాం. తవాంగ్‌కి వెళ్ళేవాళ్ళంతా ఆ చుట్టుపక్కల నుంచే కొండెక్కుతారు. ఆఫీసు పని మీద వెళ్ళాను, మా ఆవిడతో, పిల్లలతో వెళ్ళాను, మా అమ్మానాన్నల్నీ తీసుకెళ్ళాను. అక్కడ చూసిందీ, విన్నదీ, తరవాత ఆసక్తి కొద్దీ చదువుకున్నదీ కలిపి చెబుతున్నాను.

భలుక్‌పాంగ్ దగ్గర అరుణాచల్‌లోకి అడుగుపెట్టేటప్పుడు ఇన్నర్ లైన్ పర్మిట్ చూపించాలి. మన దేశంలో మనకే పర్మిట్ ఏమిటని చాలామందికి కోపం వస్తుంది. దానికీ చైనాకీ సంబంధం లేదు. 1873లో బ్రిటిష్‌వాళ్ళు తెచ్చిన రెగ్యులేషన్ అది. ఇప్పుడు అక్కడి తెగల భూములకు అదే రక్షణ కాబట్టి వాళ్ళు దాన్ని వదులుకోరు. ఆన్‌లైన్‌లో సులభంగానే వస్తుంది. అక్కణ్ణుంచి రోడ్డు మెలికలు తిరుగుతూ బొమ్‌డిలా మీదుగా దిరాంగ్ చేరుతుంది. దిరాంగ్ లోయలో చలి తక్కువ, కివీ, ఆపిల్ తోటలుంటాయి. దిరాంగ్ దాటాక చెట్లు క్రమంగా పొట్టివైపోయి, చివరికి రాళ్ళూ గడ్డీ మిగులుతాయి. 13,700 అడుగుల ఎత్తున సేలా కనుమ వస్తుంది. చలికాలంలో అక్కడి సరస్సు గడ్డకట్టి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో వెళితే దారి పొడుగునా కొండవాలు మీద రోడోడెండ్రాన్ పూలు ఎర్రగా, గులాబీ రంగులో విరగబూస్తాయి. నేను చూసిన హిమాలయాల్లో అంతకంటే అందమైన రోడ్డు లేదు.

ఈ రోడ్డు గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే సరిహద్దు తగాదా తవాంగ్ జీవితంలో ఎక్కువగా కనిపించేది దీని మీదే. 2024 మార్చి 9న సేలా సొరంగం ప్రారంభమైంది. బోర్డర్ రోడ్స్ ఆర్గనైజేషన్ 13,000 అడుగుల ఎత్తున దాదాపు 825 కోట్లతో కట్టింది. అంతకుముందు మంచు పడితే రోడ్డు మూసుకుపోయేది, లారీలు, జీపులు, సైనిక వాహనాలు బారులు తీరి ఆగిపోయేవి. ఆ వరసలో మేం కూడా ఇరుక్కున్నాం. మా ముందు జీపులో ఒక ముసలాయన, తేజ్‌పూర్ ఆస్పత్రికి తీసుకెళ్తున్నారు. రగ్గులు కప్పి కూర్చోబెట్టారు. ఆయన కొడుకు మాటిమాటికీ దిగి, మంచు తీసే యంత్రం ఎంతవరకు వచ్చిందో చూసి వచ్చి తండ్రికి చెబుతున్నాడు. సొరంగం గురించి టీవీలో ఎప్పుడు చూపించినా సైన్యం ఎంత తొందరగా సరిహద్దుకి చేరుతుందన్నదే చెబుతారు. నాకు మాత్రం ఆ జీపే కళ్ళముందు మెదులుతుంది.

ఇప్పుడు అసలు తగాదా సంగతి. 1913 చివర్లో మొదలై 1914 దాకా సిమ్లాలో బ్రిటిష్ ఇండియా, టిబెట్, చైనా ప్రతినిధులు కూర్చున్నారు. ఆ సమయంలోనే బ్రిటిష్ ఇండియా ప్రతినిధి హెన్రీ మెక్‌మహన్, టిబెట్ ప్రతినిధి లోన్‌చెన్ శత్రా కలిసి భూటాన్ తూర్పు అంచు నుంచి బర్మా దాకా హిమాలయాల శిఖరాల వెంట గీత గీసుకున్నారు. మెక్‌మహన్ రేఖ అంటే అదే. తవాంగ్ ఆ గీతకి ఇవతల పడింది. చైనా ప్రతినిధి సిమ్లా ఒప్పందం మీద పొడి అక్షరాలు పెట్టినా ఆయన ప్రభుత్వం ఒప్పుకోలేదు. టిబెట్‌కి సొంతంగా ఒప్పందం చేసుకునే అధికారమే లేదన్నది చైనా వాదన. ఈ ముడి ఎందుకు విడదో ఇక్కడే ఉంది. మెక్‌మహన్ రేఖను చైనా ఒప్పుకుంటే, 1914లో టిబెట్ తన తరఫున తానే సంతకం పెట్టగల దేశమని ఒప్పుకున్నట్టే. అది వాళ్ళు ఎప్పటికీ అనలేని మాట.

రేఖ గీసినా తవాంగ్‌లో దశాబ్దాల పాటు ఏమీ మారలేదు. తవాంగ్ మఠం టిబెట్ రాజధాని లాసాలోని ద్రెపుంగ్ మఠానికి అనుబంధం. 17వ శతాబ్దంలో అయిదో దలైలామా కోరిక మీద మెరాగ్ లామా దాన్ని స్థాపించారు. ఆరో దలైలామా సాంగ్యాంగ్ గ్యాత్సో 1683లో పుట్టింది తవాంగ్ ఊరి పక్కనే, ఉర్గెలింగ్‌లో. దలైలామాల్లో ప్రేమ కవిత్వం రాసినాయన ఈయనే. ఈ మత బంధం వెంట పన్నులూ ఉండేవి. టిబెట్ అధికారులు వచ్చి ధాన్యం కొలిపించుకునేవాళ్ళు, కూలి లేకుండా మూటలు మోయించేవాళ్ళు. 1951 ఫిబ్రవరిలో మణిపూర్‌కి చెందిన మేజర్ బాబ్ ఖాతింగ్ సుమారు 200 మంది అస్సాం రైఫిల్స్ జవాన్లతో మంచులో నడిచి వెళ్ళి తవాంగ్‌లో మన జెండా ఎగరేశారు. ఒక్క తూటా పేలలేదు. ఇకమీదట లాసాకి పన్ను కట్టక్కర్లేదని ఆయన చెప్పారు. అక్కడ పెద్దవాళ్ళు ఆ సంగతి ఇప్పటికీ చెబుతారు, అదీ ఇష్టంగా చెబుతారు. తవాంగ్‌లో ఉండే మోన్‌పా తెగవాళ్ళు ఇండియావైపు ఎలా వచ్చారో తెలియాలంటే సిమ్లా పటం కంటే ఈ పన్ను మాటే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

1959 మార్చి 31న ఇప్పటి దలైలామా లాసా నుంచి తప్పించుకుని భారత్‌లో అడుగుపెట్టింది కూడా తవాంగ్ జిల్లాలోని ఖెంజిమానే దగ్గరే. అక్కణ్ణుంచి తవాంగ్ మఠంలో ఆగి, బొమ్‌డిలా మీదుగా తేజ్‌పూర్ చేరారు. మూడేళ్ళ తరవాత, 1962 అక్టోబర్ 20న చైనా సైన్యం నామ్‌కాచూ వాగు దగ్గర దాడి మొదలుపెట్టింది. రోజుల్లోనే తవాంగ్ పోయింది. నవంబర్‌లో సేలా, బొమ్‌డిలా పోయాయి. నవంబర్ 21న చైనా తనంత తానే కాల్పులు ఆపి, తరవాత వెనక్కి మళ్ళింది.

సేలా దిగాక నూరానాంగ్ దగ్గర జస్వంత్ గఢ్ ఉంది. 1962 నవంబర్ 17న రైఫిల్‌మన్ జస్వంత్ సింగ్ రావత్ ప్రాణాలిచ్చిన చోటు. దారిలో పోయే ప్రతివాళ్ళూ ఆగుతారు, జవాన్లు వేడివేడి టీ ఇస్తారు. తవాంగ్ ఊళ్ళోని వార్ మెమోరియల్‌లో, ఆ యుద్ధంలో కామెంగ్ సెక్టార్‌లో, అంటే ఈ తవాంగ్, సేలా, బొమ్‌డిలా వైపు చనిపోయిన 2,420 మంది పేర్లు చెక్కి ఉన్నాయి. బౌద్ధ స్తూపంలా కట్టారు దాన్ని. గోడ మీద పేర్లు రెజిమెంట్ల వారీగా ఉంటాయి. మా నాన్న ఒక్కొక్క వరసా వేలు పెట్టి చదువుతూ చాలాసేపు అక్కడే ఉండిపోయారు. ఆయుధాలు సరిపోక, చలిబట్టలు లేక అంతమంది పోయారు. అరవై ఏళ్ళు దాటినా ఆ గోడ ముందు నిలబడితే కోపం వస్తుంది, రావాలి కూడా. సరిహద్దులో ప్రాణాలు యుద్ధంలోనే పోవు. 2023 మార్చి 16న మండలా దగ్గర కూలిన చీతా హెలికాప్టర్‌లో చనిపోయిన లెఫ్టినెంట్ కల్నల్ వి.వి.బి. రెడ్డి మన యాదాద్రి జిల్లా బొమ్మలరామారం వారే. మీరు వెళ్ళే రోడ్డు ఆ కొండల పక్కనుంచే పోతుంది.

ఇక "ఎవరివైపు" అన్న ప్రశ్న. దయచేసి ఈ ప్రశ్న అక్కడ ఎవరినీ అడగకండి. మనల్ని ఎవరైనా నువ్వు ఏ దేశంవాడివని మన ఇంటి గుమ్మంలో నిలబడి అడిగితే ఎలా ఉంటుందో వాళ్ళకీ అలాగే ఉంటుంది. మేం బస చేసిన ఇంటాయన ఈ విషయం తనంతట తానే ఎత్తారు. మోన్‌పా ఇళ్ళలో మాతృభాష వేరైనా, బయటివాళ్ళతో చక్కటి హిందీ మాట్లాడతారు. అరుణాచల్ అంతటా తెగకీ తెగకీ మధ్య మాట హిందీలోనే సాగుతుంది. ఆయన తండ్రి 1962లో మన సైన్యానికి మూటలు మోశాడట. చైనా సైనికులు ఊళ్ళో ఉన్న ఆ కొన్ని వారాలూ జనంతో మంచిగానే ఉండాలని చూశారట, పొలం పనుల్లో కూడా సాయం చేశారట. అయినా ఊరు వాళ్ళని నమ్మలేదు. ఎందుకని అడిగితే ఆయన ఒకటే చెప్పారు: అప్పటికి మూడేళ్ళ ముందే టిబెట్ నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు ఈ ఊళ్ళ మీదుగానే వెళ్ళారు, మఠాలు ఏమయ్యాయో వాళ్ళ నోటే విన్నాం అని.

టిబెట్‌తో ఉన్న ఈ మత బంధాన్నే చైనా తన హక్కుకి సాక్ష్యంగా చూపిస్తుంది. ఆరో దలైలామా ఇక్కడ పుట్టాడు కాబట్టి ఇది టిబెట్, టిబెట్ మాది కాబట్టి ఇదీ మాదే అన్నది ఆ లెక్క. మోన్‌పాలు అదే చరిత్రని పట్టుకుని సరిగ్గా ఎదురు మాట చెబుతారు. మా గురువు ఎక్కడ సురక్షితంగా ఉన్నాడో మేమూ అక్కడే ఉంటాం అంటారు. ఇంటింటా పూజ గదిలో దలైలామా ఫొటో ఉంటుంది. సరిహద్దుకి అవతల ఆ ఫొటో బాహాటంగా పెట్టుకోలేరు. 2025 జులైలో, తన తొంభయ్యో పుట్టినరోజుకి ముందు ఇప్పటి దలైలామా ఒక ప్రకటన చేశారు. తన తరవాత కూడా దలైలామా పరంపర కొనసాగుతుందనీ, తదుపరి వారిని గుర్తించే అధికారం తన ట్రస్టుదేననీ చెప్పారు. ఆ నిర్ణయం మా చేతుల్లో ఉండాలని చైనా పట్టుబడుతోంది. ఒక దలైలామా పుట్టిన గడ్డ కాబట్టి తవాంగ్ మీద పట్టుదల ముందుముందు పెరుగుతుందే తప్ప తగ్గదని నాకనిపిస్తుంది.

చైనా ఆ ప్రాంతాన్ని దక్షిణ టిబెట్ అంటుంది. 2017 నుంచి విడతల వారీగా అరుణాచల్‌లోని కొండలకీ, నదులకీ, ఊళ్ళకీ తన పేర్లు పెట్టి జాబితాలు విడుదల చేస్తోంది. అక్కడి యువతను నిజంగా బాధపెట్టేది వీసాల సంగతి. 2023లో అరుణాచల్‌కి చెందిన ముగ్గురు వూషు (చైనా యుద్ధ కళ) క్రీడాకారిణులకు చెంగ్డూ పోటీలకు చైనా మామూలు వీసా బదులు స్టేపుల్ కొట్టిన కాగితం ఇచ్చింది, అంటే వాళ్ళని భారతీయులుగా ఒప్పుకోనట్టే. మన దేశం మొత్తం వూషు జట్టునే వెనక్కి పిలిచింది. అది సరైన పనే. కానీ ఏళ్ళ తరబడి సాధన చేసిన పిల్లలకి పోయిన అవకాశం పోయింది.

తుపాకీల విషయానికి వస్తే, అరుణాచల్ సరిహద్దులో కాల్పుల్లో మన జవాన్లు చనిపోయింది చివరిసారి 1975లో, తులుంగ్‌లా దగ్గర. 1986-87లో సుమ్‌దోరోంగ్‌చూలో రెండు సైన్యాలూ ఎదురెదురుగా మోహరించాయి. 2022 డిసెంబర్ 9న యాంగ్‌త్సే దగ్గర చేతులతో, కర్రలతో తోపులాట జరిగి రెండువైపులా గాయపడ్డారు. యాంగ్‌త్సే తవాంగ్ ఊరికి దూరంగా, పర్వతాల మీద ఉంటుంది. ఆ వార్త వచ్చిన రోజు మా బంధువులు హైదరాబాద్ నుంచి కంగారుగా ఫోన్లు చేశారు. తవాంగ్‌లో తెలిసినవాళ్ళకి ఫోన్ చేస్తే బజార్ తెరిచే ఉంది, స్కూళ్ళు నడుస్తున్నాయి. మా స్నేహితుడి భార్య మా పిల్లల చదువుల గురించి మాట్లాడుతూ ఉంది. యాంగ్‌త్సే ఊసు మేం అడిగితేనే వచ్చింది.

అక్కడివాళ్ళ సొంత చింతలు వేరే ఉన్నాయి, అవి జాతీయ వార్తల్లోకి రావు. సైన్యానికి ఇచ్చిన భూముల పరిహారం ఒకటి. 1962 యుద్ధం తరవాత తీసుకున్న పొలాలకి పక్క జిల్లా వెస్ట్ కామెంగ్‌లో కొన్ని ఊళ్ళవాళ్ళకి డబ్బు చేతికొచ్చింది 2018లో.  ఇంకోటి జలవిద్యుత్ ప్రాజెక్టులు. జెమితాంగ్ లోయలో న్యామ్‌జాంగ్‌చూ నది మీద 780 మెగావాట్ల ప్రాజెక్టు తలపెట్టారు. చలికాలంలో నల్లమెడ కొంగలు వచ్చి దిగే చోటు అది, మోన్‌పాలకు పవిత్రమైన పక్షి. 2016 ఏప్రిల్‌లో నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ దాని పర్యావరణ అనుమతిని నిలిపేసింది. ఆ తరవాత కొద్ది రోజులకే, మే 2న, తవాంగ్‌లో నిరసన తెలిపినవాళ్ళ మీద పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఒకరు బౌద్ధ భిక్షువు. దేశభక్తికి పేరుపడిన ఊరు కాబట్టి నోరు మూసుకుని ఉండాలని ఎవరైనా అనుకుంటే, అది ఆ జనానికి చేసే అన్యాయం.

మీరు వెళితే చూడమని నేను గట్టిగా చెప్పేది కాగితం తయారీ. మోన్ షుగు అంటారు. తవాంగ్ మఠంలో గ్రంథాలు రాసిన కాగితం ఇదే, వెయ్యేళ్ళ విద్య అని చెబుతారు. దాదాపు అంతరించిపోతుంటే 2020లో ఖాదీ కమిషన్ అక్కడ ఒక యూనిట్ పెట్టింది. మేం చూసింది ఒక ఇంటి వెనక దొడ్లో. షుగు చెట్టు బెరడు ఒలిచి, పైపొర గీకేసి, బూడిద నీళ్ళలో ఉడికిస్తారు. బాగా మెత్తబడ్డాక కొయ్య సుత్తితో దంచి గుజ్జు చేస్తారు. చెక్క ఫ్రేముకి పల్చటి గుడ్డ బిగించి నీళ్ళ మీద తేలేసి, గుజ్జుని అందులో పోసి, అరచేత్తో నీళ్ళని అటూ ఇటూ మెల్లగా కదిలిస్తే అది దోసె పిండిలా సమంగా పరుచుకుంటుంది. ఆ పని చేస్తున్న పెద్దావిడ ఫ్రేముని వంచకుండా రెండు చేతులతో పైకెత్తి, నీళ్ళు కారనిచ్చి, ఎండలో గోడకి ఆనించింది. మా అమ్మాయి తను చేస్తానంటే ఇచ్చింది. మూలల్లో గుజ్జు మందంగా పడితే ఏమీ అనకుండా తన వేలి కొసతో సర్దింది. ఎండిన కాగితం చింపుదామంటే చిరగదు, పురుగు పట్టదు. తీసుకున్న దానికి ఆవిడ అడిగిన ధర ఇవ్వండి, బేరాలాడకండి.

మఠంలో కూడా తొందరపడకండి. పొద్దున్నే వెళ్ళండి, ప్రార్థన జరుగుతుంటుంది. చిన్న పిల్లలు ఎర్ర వస్త్రాల్లో వరసగా కూర్చుని చదువుతుంటారు, మధ్యలో కెటిళ్ళతో వెన్న టీ పోసుకుంటూ వెళ్తారు. ఉప్పూ వెన్నా వేసిన టీ మనకి మొదటి గుక్కలో ఎక్కదు. దాన్ని పల్చటి చారు అనుకుని తాగమని మా అమ్మకి చెప్పాను, తాగేసింది. తిండికి ఇబ్బంది ఉండదు, అన్నం పప్పు ఎక్కడైనా దొరుకుతాయి. థుక్పా అనే నూడుల్స్ సూప్ పిల్లలకి నచ్చుతుంది. కారం కావాలంటే అక్కడి మిరపకాయ పచ్చడి అడగండి, మనవాళ్ళకి కూడా కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి.

చైనా సరిహద్దు మీద ఉన్న బుమ్‌లా కనుమ సంగతి చెప్పాలి, ఎందుకంటే అందరూ తవాంగ్ వెళ్ళేది దాని కోసమే అన్నట్టు ఉంటారు. ఊరి నుంచి 37 కిలోమీటర్లు, ఎత్తు 15,000 అడుగుల పైనే. 1962లో సుబేదార్ జోగీందర్ సింగ్ పరమవీర చక్ర తెచ్చుకున్న పోరు ఆ కనుమ దగ్గరిదే. భారతీయుల్నే అనుమతిస్తారు, విడిగా పర్మిట్ కావాలి. ఒకరోజు ముందే హోటల్‌వాళ్ళకో, స్థానిక టాక్సీవాళ్ళకో కాగితాలిస్తే వాళ్ళే తెస్తారు. అక్కడి టాక్సీల్లోనే వెళ్ళాలి. పైన మీకు కనిపించేది రాళ్ళ కుప్ప, రెండు సైన్యాల అధికారులు కలుసుకునే గుడిసె లాంటి గది, అవతల ఇవతల ఒకేలా ఉండే మంచు కొండలు. సైనికుడు ఒకరు వచ్చి ఓపిగ్గా అన్నీ వివరిస్తారు. ఫోన్ తియ్యొద్దన్న చోట తియ్యకండి. అక్కడ నినాదాలు చేసి వీడియోలు తీసుకునేవాళ్ళని చూశాను, నాకు నచ్చలేదు. చలిలో నిలబడి ఉన్న కుర్రాడికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. దారిలో షొంగాత్సేర్ సరస్సు వస్తుంది. భూకంపంతో ఏర్పడిన సరస్సు. మునిగిన చెట్ల మోళ్ళు నీళ్ళలోంచి పైకి నిలబడి ఉంటాయి. సినిమా షూటింగ్ పుణ్యమా అని అందరూ మాధురీ లేక్ అనే అంటారు.

మీకు ఒక రోజు ఎక్కువుంటే బుమ్‌లా తరవాత జెమితాంగ్ వెళ్ళండి. అక్కడి గోర్సాం స్తూపం ఖాట్మండులోని బౌద్ధనాథ్ పోలికలో ఉంటుంది, కొంగలు దిగే లోయ అదే, టూరిస్టులు చాలా తక్కువ. హోమ్‌స్టేలున్నాయి, డబ్బు నేరుగా ఆ ఊరివాళ్ళకి చేరుతుంది.

పెద్దవాళ్ళున్నారు కాబట్టి ఒకే రోజులో తవాంగ్ ఎక్కేయాలని చూడకండి. దిరాంగ్‌లోనో బొమ్‌డిలాలోనో ఒక రాత్రి తప్పకుండా ఆగండి. బయల్దేరే ముందు అమ్మానాన్నల్ని డాక్టర్‌కి చూపించి, బీపీ, గుండె మందులు అదనంగా పెట్టుకోండి. సేలా దగ్గర దిగి పరుగెత్తొద్దని పిల్లలకి ముందే చెప్పండి. అక్టోబర్ ఆకాశం బాగుంటుంది, పూలు కావాలంటే ఏప్రిల్ చివర. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కొండచరియలు విరిగిపడతాయి, ఆ నెలలు వదిలేయండి. బుమ్‌లాకి అమ్మానాన్నల్ని తీసుకెళ్ళాలా వద్దా అన్నది ఇక్కడ కూర్చుని నిర్ణయించకండి. తవాంగ్‌లో రెండో రోజు వాళ్ళకి నిద్ర ఎలా పట్టింది, తలనొప్పి ఉందా లేదా చూసుకుని అప్పుడు తేల్చుకోండి.